సమ్మెలు, బహిష్కరణలు నిజంగా ఏమైనా మారుస్తాయా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

ప్యాకింగ్ సెక్షన్ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్తే. నేను ఒక పెద్ద గోదాములో ప్యాకింగ్ పని చేస్తాను, కాంట్రాక్టు మీద. రెండు షిఫ్టులూ కలిపి మేం 140 మందిమి. అందులో 90 మంది దాకా ఆడవాళ్లమే. ఐదు నెలలుగా ఓవర్‌టైమ్ డబ్బు రాలేదు. అడిగితే కాంట్రాక్టరు కంపెనీని అడగమంటాడు, కంపెనీ కాంట్రాక్టరును అడగమంటుంది. షిఫ్టు మొత్తం నిలబడే పని, కూర్చోవడానికి ఒక బల్ల కూడా లేదు. ఏడో నెల కడుపుతో ఉన్న అమ్మాయి ఖాళీ అట్టపెట్టెలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంటే సూపర్‌వైజరు వచ్చి ఆమె లేచేదాకా అక్కడే నిలబడ్డాడు. లేచాక ఆ పెట్టెల్ని కాలితో నెట్టేశాడు. పని ఆపేద్దామన్న మాట ఆ రోజే మొదలైంది మాలో.

ఇంట్లో చెప్తే మా పెదనాన్న వద్దే వద్దన్నాడు. ఆయన 1982లో బొంబాయి మిల్లు సమ్మెలో ఉన్నాడు. ఆ సమ్మె అయిపోయిందని ఇప్పటిదాకా ఎవరూ ప్రకటించలేదంటాడు. "మేం ఇంకా సమ్మెలోనే ఉన్నామమ్మా, మిల్లే లేదు" అన్నాడు. తర్వాత ఇంక మాట్లాడలేదు.

మా షిఫ్టులో చదువుకున్న కుర్రాడు ఒకడు దీనికి పూర్తిగా ఎదురు చెప్తాడు. ప్రపంచంలో ఆయుధం పట్టని ఉద్యమాలే ఎక్కువ గెలిచాయట, మూడున్నర శాతం మంది కదిలితే చాలట. మా 140 మందిలో మూడున్నర శాతం అంటే ఐదుగురు. ఐదుగురం గేటు బయట నిలబడితే సాయంత్రానికి మా ఐదుగురి స్థానంలో ఎవరుంటారో నాకు తెలుసు.

సమ్మె, ధర్నా, సరుకు కొనొద్దని చెప్పడం, వీటిలో ఏది పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేస్తుంది? ధైర్యం చెప్పే మాటలు మాకు చాలానే ఉన్నాయి. జరిగినవి చెప్పండి.

లెక్కల బల్ల

ఆ మూడున్నర శాతం సంగతి ముందు చెప్తాను. దాన్ని నమ్ముకుని మీరు దెబ్బతినకూడదు.

ఎరికా చెనోవెత్, మరియా స్టీఫన్ అనే ఇద్దరు పరిశోధకులు 1900 నుంచి 2006 దాకా జరిగిన 323 ఉద్యమాలను వరసపెట్టి చూశారు. ఆయుధం పట్టనివాటిలో సుమారు 53 శాతం గెలిచాయి, పట్టినవాటిలో 26 శాతం. మీ కుర్రాడు చెప్పింది అంతవరకు నిజమే. కానీ ఆ జాబితాలో ఉన్నవన్నీ ప్రభుత్వాన్ని దించడానికో, పరాయి పాలనను వెళ్లగొట్టడానికో, దేశం నుంచి విడిపోవడానికో జరిగిన పోరాటాలు. కూలి డబ్బు కోసం జరిగిన సమ్మెలు అందులో లేవు. మూడున్నర శాతం అన్నది కూడా దేశ జనాభాలో లెక్క, గోదాములో కాదు. దానికీ మినహాయింపులున్నాయి. 2011లో బహ్రెయిన్‌లో అంతకంటే ఎక్కువ మంది వీధుల్లోకి వచ్చారు, అయినా అణిచేశారు. 2010 తర్వాత శాంతియుత ఉద్యమాల గెలుపు శాతం బాగా తగ్గిందని చెనోవెత్ గారే తర్వాత రాశారు.

ఆ పరిశోధనలో మీకు పనికొచ్చేది ఆ అంకె కాదు, అలా ఎందుకు జరిగిందన్నది. తుపాకీ పట్టే పోరాటానికి వయసులో ఉన్న మగవాళ్లే ఎక్కువగా పోతారు. పని మానేసే పోరాటంలో ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, అందరూ ఉండగలరు. అప్పుడు ఎదురుగా లాఠీతో నిలబడ్డవాడికి ఆ గుంపులో తన మేనత్త కనిపిస్తుంది. అక్కడే అవతలివాళ్ల బలం చీలడం మొదలవుతుంది.

జనం ఎక్కువైతే చాలనుకోవడం కూడా పొరపాటే. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ మీద యుద్ధం వద్దని ప్రపంచంలో వందల నగరాల్లో లక్షల మంది నడిచారు. ఆ రోజు శనివారం. సోమవారం అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లారు. మార్చిలో యుద్ధం మొదలైంది.

పాత కోశాధికారి

అమ్మా, నేను ఒక ఫ్యాక్టరీలో 31 ఏళ్లు ఫిట్టరుగా చేశాను. అందులో 14 ఏళ్లు యూనియన్ కోశాధికారిని. నా హయాంలో రెండు సమ్మెలు జరిగాయి. ఒకటి ఓడిపోయాం, ఒకటి గెలిచాం. రెండింటి లెక్కల పుస్తకాలూ నా దగ్గరే ఉన్నాయి. నీ ప్రశ్న చూసి ఇందాకే బయటికి తీశాను. జరిగిందే చెప్పమన్నావు కాబట్టి అవి చూసుకుంటూ చెప్తాను.

మొదటి సమ్మె 26 రోజులు నడిచింది. గేటు మీటింగులో చేతులెత్తమంటే నాలుగు వందల మందీ ఎత్తారు. ఆ చేతులు చూసి మేం పొంగిపోయాం. నిధిలో ఎంతుందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఊపు చల్లారిపోతుందేమోనని చెప్పలేదు. అది నా తప్పు.

పుస్తకంలో ఎడమ పేజీ చందా ఇచ్చినవాళ్లది, కుడి పేజీ సాయం తీసుకున్నవాళ్లది. మొదటి వారం ఎడమ పేజీలు నిండిపోయాయి, కుడివైపు నాలుగే పేర్లు. రెండో వారానికి ఎడమ పేజీలో ఉన్న పేర్లే ఒక్కొక్కటీ కుడి పేజీలోకి వచ్చేశాయి. మూడో వారంలో నా చేతిరాతే మారిపోయింది. అక్షరాలు చిన్నవైపోయి ఒక్కో వరుసలో ముగ్గురి పేర్లు ఇరికించి ఉన్నాయి. పేజీలు అయిపోతాయని కాదు. అంతమందికి ఇవ్వడానికి డబ్బు లేదని నాకు తెలుసు, ఆ పేర్లు పెద్దగా రాయడానికి చెయ్యి రాలేదు.

22వ రాత్రి నా పక్క మిషను మీద పనిచేసే స్నేహితుడు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పలేదు. గుమ్మంలోనే నిలబడి "రేపు లోపలికి పోతున్నానన్నా. వేరేవాళ్లు చెప్పకముందే నీకు నేనే చెప్పాలని వచ్చాను" అన్నాడు. వాళ్ల పాపకు ఆపరేషను చేయించాలి. నేను ఒక్క మాట కూడా అనకుండా తలుపు వేసుకున్నాను. అతను ద్రోహి అని చాలా ఏళ్లు అనుకున్నాను. కాదు. మేం తలపెట్టిన సమ్మెలో ఆ పాప ఆపరేషనుకు చోటు లేదు. ఆ చోటు చూడాల్సినవాణ్ని నేనే.

ఇంకో సంగతి మాకు ఓడిపోయాక తెలిసింది. మేం పని ఆపేనాటికి గోదాములో మూడు నెలలకు సరిపడా సరుకుంది. యాజమాన్యానికి మా పని అవసరమే లేదు, ఇంట్లో కూర్చుని మేం అలిసిపోయేదాకా చూస్తే సరిపోతుంది. ఆ నిల్వ సంగతి లోడింగు వాళ్లకు తెలుసు. వాళ్లు కాంట్రాక్టు మనుషులని మేం ఎప్పుడూ కలుపుకోలేదు, ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

మీ పెదనాన్నగారికి నా నమస్కారం చెప్పు. 1982 జనవరి 18న మొదలైన ఆ సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది ఉన్నారు. ఐకమత్యం లేక ఓడిపోయారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, అంత పట్టుదలగా నిలబడ్డవాళ్లు అరుదు. వాళ్లు మగ్గం ఆపితే ఆ గుడ్డ బొంబాయి దగ్గరి భివండిలో పవర్‌లూముల మీద నేశారు. మిల్లు నడవకపోయినా ఫర్వాలేదనుకునే యజమానులు చాలామంది ఉన్నారు, పాత మిషన్ల కంటే వాటి కింది నేలకే విలువ ఎక్కువ. తర్వాత ఆ నేలల మీద ఏం లేచాయో లోకమంతా చూసింది. లక్షన్నర మందికి పైగా పని పోగొట్టుకున్నారు. అవతలివాడికి నీ పని అక్కర్లేనప్పుడు పని ఆపడం ఎంత భయంకరంగా ఉంటుందో మీ పెదనాన్న అనుభవించాడు. ఆయన వద్దన్నాడంటే అది పిరికితనం కాదు.

అయితే అమెరికాలో మాంట్‌గోమరీ సంగతి కూడా విను. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనందుకు అరెస్టయింది. అందరూ అక్కడితో ఆపేస్తారు. నాకు ఆ రాత్రి ముఖ్యం. జో ఆన్ రాబిన్సన్ అనే కాలేజీ టీచరు రాత్రంతా మేలుకుని వేల కొద్దీ కరపత్రాలు తీసింది. 5వ తేదీన బస్సులు ఖాళీగా తిరిగాయి. బస్సెక్కేవాళ్లలో ముప్పావు వంతు నల్లవాళ్లే కాబట్టి కంపెనీకి ఆ దెబ్బ మొదటిరోజే తగిలింది. మరి పనికి ఎలా పోవాలి? నల్లవాళ్ల టాక్సీలు బస్సు చార్జీ పది సెంట్లకే ఎక్కించుకున్నాయి. కనీస చార్జీ నిబంధన చూపించి అధికారులు దాన్ని ఆపించారు. అప్పుడు సొంత కార్లు దిగాయి, దాదాపు మూడు వందలు. ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఏ వేళకు, అంతా పట్టీ వేసుకుని నడిపారు. ఆ కార్లకు బీమా రద్దయితే లండన్ నుంచి బీమా తెచ్చుకున్నారు. పెట్రోలు డబ్బు కోసం జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కొందరు ఆడవాళ్లను కూడగట్టి వండి అమ్మింది. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే "ఎక్కడి నుంచీ కాదు" అనేలా తమ సంఘానికి పేరు కూడా అలాగే పెట్టుకున్నారు, ఇచ్చినవాళ్ల ఉద్యోగాలు పోకుండా. 381 రోజులు అలా నడిచింది. అంతా చేసినా నగరం తనంతట తాను దిగిరాలేదు. నలుగురు ఆడవాళ్లు వేసిన కేసులో 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది. బహిష్కరణ ఒక్కటే గెలిచిందనీ అనలేం, కోర్టు ఒక్కటే గెలిపించిందనీ అనలేం. తీర్పు వచ్చేదాకా జనం చెదిరిపోకుండా నిలబెట్టింది మాత్రం ఆ కార్ల పట్టీ. ఒక కోశాధికారిగా నేను చెయ్యెత్తి మొక్కేది దానికి.

మా రెండో సమ్మె తొమ్మిది రోజులే. దానికి ముందు ఎనిమిది నెలలు సిద్ధమయ్యాం. జీతం రోజున ప్రతివాడూ కొంత తీసి పక్కన పెట్టాడు. ఈసారి పుస్తకంలో చందా కంటే ముందు ఒక పట్టీ రాశాను: ఎవరింట్లో రోగి ఉన్నారు, ఎవరి పిల్లలకు ఏ నెలలో ఫీజు కట్టాలి, ఎవరు అద్దె ఇంట్లో ఉన్నారు, ఎవరింట్లో సంపాదించేది ఒక్కరే. ఆ పట్టీ పూర్తిచేయడానికి నేను ఇల్లిల్లూ తిరిగాను. డిమాండ్ల పత్రంలో మొదటి డిమాండు లోడింగు కాంట్రాక్టు వాళ్లదే పెట్టాం. మావాళ్లలోనే కొందరు గొణిగారు, అయినా పెట్టాం. సరుకు నిల్వ బాగా తగ్గి పెద్ద ఆర్డరు పంపాల్సిన వారం ఏదో ఈసారి వాళ్లే చెప్పారు. సరిగ్గా ఆ వారం ఆపాం.

సమ్మెకు ముందు రాత్రి ఒక పని చేశాం. గేటు ముందు అటూ ఇటూ యాభై గజాల మేర రాళ్లన్నీ ఏరి గోనె సంచుల్లో కట్టి తీసుకుపోయాం. పన్నెండు సంచులయ్యాయి. ఐదో రోజు పొద్దున కొత్త మనుషులతో బస్సు వచ్చింది. మాలో ఇద్దరు కుర్రాళ్లు ఆవేశంగా కిందికి వంగారు. నేల మీద దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. బస్సుకు అడ్డంగా అందరం కూర్చున్నాం. ఒక్క అద్దం పగిలినా ఆ రోజే లాకౌట్ ప్రకటించడానికి కాగితం సిద్ధంగా ఉందని తర్వాత ఆఫీసులో పనిచేసే ఒకాయన చెప్పాడు.

అడిగినదాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చింది. నలుగుర్ని తీసేశారు, ఇద్దర్ని తిరిగి తీసుకున్నారు. మిగతా ఇద్దరి ఇళ్లకు రెండేళ్లు నెలనెలా డబ్బు పంపాం. ఈ పుస్తకం ఆఖరి పేజీలన్నీ వాళ్లవే. గెలిచిన సమ్మెకూ ఇంత ఖర్చుంటుందమ్మా, మీవాళ్లకు ఇది దాచకు.

మీ సంగతి అడుగుతాను. మీరు ఆగితే ఎన్ని గంటల్లో వాళ్లకు తెలుస్తుంది? మీ స్థానంలో కొత్తవాళ్లను తేవడానికి ఎన్ని రోజులు పడుతుంది? మీలో అందరికంటే ముందు చేతులెత్తేయాల్సి వచ్చే ఇల్లు ఎవరిది? వీటికి సమాధానం లేకుండా తేదీ పెట్టుకోవద్దు.

అక్టోబరు 24

90 మంది ఆడవాళ్లం అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలనిపించింది. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్ ఆడవాళ్లలో 90 శాతం మంది ఉద్యోగమూ ఇంటిపనీ రెండూ ఆపేశారు. ఒక్క రోజే. బడులు, దుకాణాలు, బ్యాంకులు, ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి లేదా కుంటుకుంటూ నడిచాయి. మగవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు పోయారు. మరుసటి ఏడే సమానత్వ చట్టం వచ్చింది, 1980లో విగ్దిస్ ఫిన్‌బొగదొత్తిర్ దేశాధ్యక్షురాలైంది. వాళ్లు ఒక్క రోజుకే ఎందుకు పెట్టుకున్నారంటే ఒక్క రోజైతే అందరూ రాగలరు. నెలరోజులు అంటే కొందరే మిగులుతారు. 2023లో అదే తేదీన మళ్లీ ఆపారు, జీతాల తేడా ఇంకా పూర్తిగా పోలేదని. మీరూ ముందు ఒక్క షిఫ్టు ఆపి చూడొచ్చేమో.

పదో తరగతి సోషల్ టీచరు

కోశాధికారిగారు చెప్పిన డబ్బు సంగతికి మన చరిత్రలోనే సాక్ష్యం ఉంది. చీరాల-పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పిలుపు మీద 1921లో జనం ఊరు ఖాళీ చేసి బయట పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరే రామనగరం. అవతల మునిసిపాలిటీ ఉంది, పన్ను కట్టే మనిషి లేడు. పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడు వాళ్ల కళ్లు మెరుస్తాయి. కానీ ఆ తర్వాతది కూడా చెప్పాలి. దుగ్గిరాలవారిని జైల్లో పెట్టారు, చేతిలో డబ్బు అయిపోయింది, నెలల తరబడి పాకల్లో ఉన్న జనం తిరిగి ఇళ్లకు చేరారు. మునిసిపాలిటీ అలాగే ఉండిపోయింది.

1928లో గుజరాత్‌లోని బార్డోలీ రైతులు శిస్తు కట్టబోమని నిలబడ్డారు. 22 శాతం పెంచిన శిస్తును విచారణ తర్వాత సుమారు 6 శాతానికి దించారు, లాక్కున్న భూములు తిరిగి ఇచ్చారు. వాళ్లు అడిగింది కొలవగలిగేది. ఇంతే పెంచు, ఇది వెనక్కివ్వు. ఉప్పు సత్యాగ్రహం వేరు. 1930లో దేశమంతా కదిలింది, 60 వేల మందికి పైగా జైలుకెళ్లారు. ఏడాది తర్వాత ఒప్పందంలో దక్కింది సముద్రతీరం వాళ్లు ఇంటి అవసరానికి ఉప్పు చేసుకోవచ్చన్న వెసులుబాటు. ఉప్పు పన్ను మాత్రం 1947 దాకా పోలేదు. ఓడినట్టా? జైలు అంటే జనానికి భయం పోయింది. అది ఏ ఒప్పందంలోనూ రాయరు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లనూ తలచుకోవాలి. అక్షరాస్యత తరగతులకు వెళ్లి నాలుగక్షరాలు నేర్చినవాళ్లు సారాను ఊళ్లోకి రానివ్వలేదు. అది జిల్లాలు దాటి పాకి సారా వేలంపాటలనే అడ్డుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సడలించేశారు. గెలిచింది నిలబెట్టుకోవడానికి కూడా కాపలా ఉండాలని ఆ ఉద్యమంలో తిరిగిన ఒకామె నాతో అంది. అప్పటికి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

చివరి వీధి

అందరూ బహిష్కరణను మంచి ఆయుధంగానే చెప్తున్నారు. నేను దాని రెండో వైపు చూసినవాణ్ని.

బాయ్‌కాట్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. 1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో జమీందారు ఏజెంటు చార్లెస్ బాయ్‌కాట్‌కు కౌలు రైతులు పని మానేశారు, అంగళ్లు సరుకు ఇవ్వలేదు, ఎవరూ పలకరించలేదు. అతని పంట కోయడానికి బయటి నుంచి యాభై మందిని తెచ్చి, వాళ్లకు వందల మంది సైనికులను కాపలా పెట్టారు. కాపలా ఖర్చు పంట విలువను ఎన్నో రెట్లు దాటింది. అతను ఊరొదిలి పోయాడు. భూమి లేనివాళ్లు పైవాడి మీద వాడిన ఆయుధం అది.

మా భాషలో దాని పేరు వెలి. అది పైనుంచి కిందికి వస్తుంది. కూలి పెంచమన్నందుకు మా వీధికి వెలి వేసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పని ఇవ్వొద్దు, అమ్మొద్దు, మాట్లాడొద్దు అన్నారు. ఎవరూ మమ్మల్ని కొట్టలేదు. ఒక్క దెబ్బ లేకుండా నలభై రోజులు మా ఇంట్లో మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏం చేయాలో తెలియక బూడిద ఎత్తిపోసేది. శాంతియుతం అన్న మాట వినగానే నాకు ఆ బూడిదే గుర్తొస్తుంది. ఎస్సీ, ఎస్టీలపై సామాజిక, ఆర్థిక బహిష్కరణ విధించడాన్ని 2015 సవరణలో నేరంగా చేర్చింది అందుకే.

సమ్మె చేసే సంఘాలు కూడా ఎప్పుడూ న్యాయం వైపే ఉంటాయనుకోవద్దు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో నల్లవాళ్లకు బస్సు ఉద్యోగాలు ఇవ్వకూడదన్న పద్ధతికి అక్కడి కార్మిక సంఘం శాఖే మద్దతుగా ఉంది. 1963లో బస్సులు బహిష్కరించి నాలుగు నెలల్లో దాన్ని తీయించారు.

అమ్మాయిగారు, మీరు అడగకపోయినా చెప్తున్నాను. మీ సమ్మెలోకి రాని మనిషి ఉంటుంది. ఆమెతో మాట్లాడటం మానేయాలని, నీళ్ల దగ్గర పక్కకు జరగాలని ఎవరో ఒకరు అంటారు. ఆ పని చేయకండి. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టింది ఆమె కాదు.

పాత కోశాధికారి

చివరి వీధి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆ రాత్రి నేను వేసిన తలుపు కూడా అలాంటిదే. అది ఒప్పుకుంటున్నాను.

ప్యాకింగ్ అమ్మాయికి ఇంకొక్కటి. మీ స్థానంలో కొత్తవాళ్లను తేలిగ్గా తెచ్చేట్టయితే గేటు దగ్గరే ఆగిపోకండి, ఆ పెట్టెలు ఎవరికి పోతున్నాయో చూడండి. కాలిఫోర్నియాలో 1965లో ద్రాక్ష కూలీలు సమ్మె చేశారు. ముందు లారీ ఇట్లియాంగ్ వెంట ఫిలిప్పీన్స్ కూలీలు, వారం తర్వాత సీజర్ చావెజ్, డొలోరెస్ హువెర్టా వెంట మెక్సికన్ కూలీలు. తోటలవాళ్లు వేరే కూలీలను తెచ్చుకున్నారు. అప్పుడు వీళ్లు ఊరూరా వెళ్లి ద్రాక్ష కొనొద్దని కొనేవాళ్లను అడిగారు. ఐదేళ్లు పట్టింది, 1970లో తోటలవాళ్లు ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు. ఎవరు ఎవరి మీదకు తోసినా, పెట్టె మీద పేరున్నవాడు తప్పించుకోలేడు. ఇంకో మాట, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలో కార్మిక చట్టం తెలిసిన వకీలును అడిగి తెలుసుకోండి. ఆ ఒక్క కాగితం సరిగ్గా లేక మొత్తం సమ్మె చెల్లదన్న సందర్భాలు చూశాను.

ప్యాకింగ్ సెక్షన్ (ప్రశ్న అడిగినవారు)

అందరికీ చాలా కృతజ్ఞతలు. మొన్న ఆదివారం పదకొండు మందిమి కూర్చున్నాం. కోశాధికారిగారు అడిగిన ప్రశ్నలే ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. మేం ఆగితే నాలుగు గంటల్లో తెలుస్తుంది, ఎందుకంటే లారీలు రాత్రి పదికల్లా బయల్దేరాలి. కొత్తవాళ్లను తేవడానికి మూడు రోజులు చాలు. ఈ రెండో జవాబు విన్నాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఇప్పుడే తేదీ పెట్టలేదు. ముందు ఓవర్‌టైమ్ గంటలు ఎవరికి ఎన్ని బాకీ ఉన్నాయో తేదీలతో రాస్తున్నాం, అది కార్మిక శాఖకూ ఇస్తాం, పెట్టెల మీద పేరున్న కంపెనీకీ పంపుతాం. రెండు వందల పేజీల నోటుబుక్కు కొన్నాం. ఇప్పటికి 61 పేర్లు ఎక్కాయి. రాత్రి షిఫ్టులో 16 మంది ఇంకా ఏమీ చెప్పలేదు. వాళ్లతో మామూలుగానే ఉంటున్నాం. నిన్న వాళ్లలో ఒకామె తన గంటలు మాత్రం రాసుకోమంది, పేరు వద్దంది. రాసుకున్నాను.

పెదనాన్నకు ఇదంతా చదివి వినిపించాను. భివండి అన్న చోట ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. పొద్దున నేను పనికి బయల్దేరుతుంటే ఆ నోటుబుక్కు ఇమ్మని తీసుకుని ప్రతి పేజీకీ మధ్యలో స్కేలు పెట్టి గీత గీసిచ్చాడు, ఎడమవైపు, కుడివైపు.

కోశాధికారిగారూ, మీ స్నేహితుడితో మళ్లీ ఎప్పుడైనా మాట్లాడారా?

పాత కోశాధికారి

మాట్లాడానమ్మా. పదమూడేళ్ల తర్వాత ఆ పాప పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. అప్పుడూ గుమ్మంలోనే నిలబడ్డాడు. నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. సమ్మె గురించి ఇద్దరం ఏమీ అనుకోలేదు. వెళ్లేముందు అతను ఆ పుస్తకం ఇంకా ఉందా అని అడిగాడు. తెచ్చి చూపించాను. మూడో వారం పేజీలో తన పేరు వెతుక్కున్నాడు. లేదు. అతను నన్ను సాయం అడగనే లేదు.